రాయగడ వేడిలో వేలాడే కాక్టస్: ముడుచుకుపోతున్న రిప్సాలిస్‌ను కాపాడుకోవడం ఎలా?

రాయగడ నుంచి అడిగిన సోదరికి,

మీరు రాసినదాంట్లో ముఖ్యమైన సంగతులు ఇవి. ఏడాది కిందట ఆన్‌లైన్‌లో రిప్సాలిస్ తెప్పించి తూర్పు కిటికీ దగ్గర వేలాడదీశారు. కాక్టస్ కాబట్టి నెలకు ఒక గ్లాసు నీళ్లు చాలని అమ్మినవారు చెబితే అలాగే పోశారు. వేసవిలో కాడలు ముడతలు పడ్డాయి. ఎండ తగలడం లేదేమోనని మే నెలలో డాబా పిట్టగోడ మీద పెడితే ఎర్రబడింది. వానలు మొదలయ్యాక కంగారుగా రోజూ నీళ్లు పోస్తున్నారు. అయినా ముడతలు పోకపోగా, ఇప్పుడు కణుపుల దగ్గర ముక్కలు ముక్కలుగా ఊడి రాలుతోంది. కాడల మీది తెల్ల చుక్కలు పురుగులా అని అనుమానం. ముళ్ల మొక్క ఇంట్లో వద్దని మీ అత్తగారి పట్టు. పిల్లి కొరికితే ప్రమాదమా అని చివర్లో మరో ప్రశ్న.

మొక్క పోలేదు. అయితే ఈ పూట నుంచి నీళ్లు ఆపండి.

రిప్సాలిస్ విషయంలో ఎక్కువమందిని తికమకపెట్టేది ఈ ముడతే. నీళ్లు చాలకపోయినా కాడ ముడుచుకుంటుంది, వేళ్లు కుళ్లినా ముడుచుకుంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది కుండీలో. మిశ్రమం పొడిగా, కుండీ తేలికగా ఉండి కాడ ముడుచుకుంటే అది దాహం; నీళ్లు అందిన రెండు మూడు రోజుల్లో కాడలు నిండుకుంటాయి. మిశ్రమం తడిగా ఉండి కూడా కాడ ముడుచుకునే ఉందంటే నీళ్లు పీల్చే వేళ్లు లేవని అర్థం. అప్పుడు ఇంకా నీళ్లు పోస్తే మిగిలిన నాలుగు వేళ్లు కూడా పోతాయి. మీ మొక్క మొదటి దశలోంచి రెండో దశలోకి వచ్చింది. నెలల తరబడి ఎండి సన్నవేళ్లు చచ్చాయి, ఆ చచ్చిన వేళ్ల మీద రోజూ తడి పడుతోంది.

కుండీలోంచి మొక్కను బయటికి తీయండి. కాడలు పట్టుకుని లాగకండి, చేతిలోనే ఊడిపోతాయి. కుండీని పక్కకు వాల్చి అడుగున తట్టండి. వేళ్ల ముద్దను చేత్తో మెల్లగా విడదీసి చూడండి. బతికి ఉన్న వేరు లేతరంగులో ఉండి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగితే గట్టిగా నిలుస్తుంది. కుళ్లినది గోధుమరంగులో మెత్తగా ఉంటుంది, లాగితే పైతొక్క జారిపోయి లోపల దారపు పోగు ఒక్కటే మిగులుతుంది. ముద్ద నడిబొడ్డున మెత్తటి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఉండ ఒకటి, కొన్నిసార్లు చిన్న వల సంచితో సహా కనిపిస్తుంది. నర్సరీలలో అంటు పాతుకోవడానికి వాడేది అదే. చుట్టూ ఉన్న మిశ్రమం ఆరినా అది ఆరదు; ఒకసారి పూర్తిగా ఎండిపోతే గట్టిపడి, కుండీ అంచు నుంచి విడిపోయి, మీరు పోసిన గ్లాసు నీళ్లన్నీ ఆ సందులోంచే కిందికి పోతాయి. నెలకోసారి పోసిన ఆ కాస్త నీళ్లు కూడా వేళ్లకు చేరి ఉండవనే నా అనుమానం. ఆ ఉండను, వలను తీసేయండి. కుళ్లిన వేళ్లు కత్తిరించి, మిగిలినదాన్ని నీడలో కాగితం మీద ఒక రోజు ఆరబెట్టండి.

ఇక అసలు విషయం. మన వైపు కాక్టస్ అనగానే పొలం గట్టు మీది నాగజెముడు గుర్తుకొస్తుంది. దానికి చెప్పే జాగ్రత్తలన్నీ దీనికీ అంటగడతారు. రిప్సాలిస్ ఇసుకలో పుట్టిన మొక్క కాదు. ఈ ప్రజాతిలో ఎక్కువ రకాలకు పుట్టిల్లు ఆగ్నేయ బ్రెజిల్‌లోని అట్లాంటిక్ తీరపు వర్షారణ్యాలు. అక్కడ పెద్ద చెట్ల కొమ్మల పంగల్లో పేరుకున్న ఆకు చెత్తలో, నాచులో వేళ్లు పెట్టి కిందికి వేలాడుతుంది. వాన తరచుగా పడుతుంది, కానీ కొమ్మ మీద నిలవదు. గంటల్లో గాలికి ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. తడి ఉండాలి, గాలి ఆడాలి. ఈ రెండూ కలిసి దొరికితే రిప్సాలిస్ అంత మొండి మొక్క మరొకటి ఉండదు. మీ కుండీలో మొదట తడి లేదు, ఇప్పుడు గాలి లేదు.

చెట్టు మీద పెరుగుతుందంటే మామిడి కొమ్మల మీది బదనికలా చెట్టు రసం పీలుస్తుందేమోనని కొందరు అడుగుతారు. పీల్చదు, నిలబడటానికి మాత్రమే చెట్టును వాడుకుంటుంది. మన ఏజెన్సీలో మామిడి, ఇప్ప చెట్లకు పట్టుకునే వందా ఆర్కిడ్ల బతుకూ ఇలాంటిదే. ఈ పొరపాటు శాస్త్రజ్ఞులకూ జరిగింది. మనం ఎక్కువగా పెంచే రిప్సాలిస్ బాక్సిఫెరాను 1771లో మొదట వర్ణించినప్పుడు కాసితా అనే పరాన్నజీవి తీగల ప్రజాతిలో చేర్చారు; రిప్సాలిస్ అనే ప్రజాతిని 1788లో గేర్ట్‌నర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త వేరుగా నెలకొల్పాడు. ఈ బాక్సిఫెరాకు ఇంకో విశేషం ఉంది. కాక్టస్ జాతులన్నీ అమెరికా ఖండాలవే, మన నాగజెముడు కూడా అక్కడి నుంచి తెచ్చినదే. బాక్సిఫెరా ఒక్కటి ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో, మన పక్కనే ఉన్న శ్రీలంకలో అడవి చెట్ల మీద సహజంగా పెరుగుతుంది. సముద్రం ఎలా దాటిందన్నది ఇంకా వాదనలోనే ఉంది. దాని జిగురు పళ్లు తిన్న పక్షులు మోసుకెళ్లాయన్నది ఎక్కువగా వినిపించే మాట.

అత్తగారి సంగతి. ఆమెకు రెండు మాటలు చెప్పి చూడండి. ఒకటి, పెరిగిన బాక్సిఫెరా కాడకు ముళ్లు ఉండవు. విత్తనం నుంచి మొలిచిన పసిమొక్కకు మాత్రం మెత్తటి నూగు ఉంటుంది. ఆమె చేత్తోనే ఒకసారి తడిమి చూడమనండి. రెండు, మన ఇళ్లలో బ్రహ్మకమలం పేరుతో పెంచి, రాత్రి పూట పువ్వు విచ్చుకోగానే దీపం పెట్టి, ఇరుగుపొరుగును పిలిచి చూపించే మొక్క కూడా కాక్టసే. దాని శాస్త్రీయ నామం ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్, మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల మీద పెరిగే మొక్క. రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో అది లేని వీధి ఉండదేమో. మీ పెరట్లోనూ ఉందని రాశారు కాబట్టి, మీ అత్తగారు ఇన్నాళ్లూ పూజ చేసింది రిప్సాలిస్ చుట్టానికే. ఈ మాట మీరు చెబుతారో, మీ వారి చేత చెప్పిస్తారో మీ ఇష్టం.

మిశ్రమం దగ్గర పొదుపు చేయకండి, సగం వైద్యం అక్కడే ఉంది. మన ఎర్రమట్టి దీనికి పనికిరాదు; కుండీలో వేస్తే తడికి ముద్దయి, ఆరాక ఇటుకలా బిగుసుకుంటుంది. నేను కోరాపుట్‌లో వాడేది ఇది: కొబ్బరికాయ మీది పీచు డొక్కను బొటనవేలి గోరంత ముక్కలుగా కోసినవి రెండు పాళ్లు, బాగా మాగిన ఆకు ఎరువు ఒక పాలు, కట్టె బొగ్గు ముక్కలు అర పాలు, చిన్న ఇటుక ముక్కలు లేదా పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికైన తెల్లని గుళికలు) అర పాలు. బొగ్గు కోసం నర్సరీకి వెళ్లనక్కర్లేదు, ఇస్త్రీ బండి దగ్గర దొరికే బొగ్గు చాలు. పొడి జల్లించి శనగగింజంత ముక్కలు తీసుకోండి. కొబ్బరి ముక్కల్లో ఉప్పు ఉంటుంది. బకెట్‌లో రాత్రంతా నానబెట్టి, ఆ గోధుమరంగు నీళ్లు పారబోసి, నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు కడగండి. కాడల చివర్లు కారణం లేకుండా నల్లబడి ఎండుతున్నాయని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఈ కడగని కొబ్బరి పుణ్యమే. కలిపిన మిశ్రమాన్ని పిడికిట బిగించి వదిలితే విడిపోవాలి, ముద్దగా నిలిచిందంటే ఇంకాస్త ముక్కలు కలపండి.

కుండీ మీ వేళ్ల ముద్దకంటే రెండు అంగుళాలకు మించి వెడల్పు ఉండకూడదు. కుళ్లు తీసేశాక మీ మొక్కకు మిగిలేవి కొన్ని వేళ్లే కాబట్టి నాలుగంగుళాల కుండీ చాలు. పెద్ద కుండీలో మధ్యభాగం ఆరదు. వేలాడే ప్లాస్టిక్ కుండీలకు అడుగున అతికించి వచ్చే పళ్లెం మీద నాకు మొదటి నుంచీ కోపం. నేలకు చుక్క పడకుండా అది అందంగా ఉంటుంది, లోపల వేళ్లు మాత్రం నిలవ నీటిలో మగ్గుతాయి. వానాకాలంలో దాన్ని పీకి పక్కన పెట్టండి, నేల మీద పాత గుడ్డ వేసుకోండి.

నీళ్లు ఎన్ని రోజులకు అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. మీ ఊరూ మా ఊరూ ఒకే కొండల వరుసకు అటూ ఇటూ ఉన్నా వాతావరణం ఒకటి కాదు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ జూలై, ఆగస్టు నెలల్లో మంచు మబ్బు కిటికీలోకి వస్తుంది, మొక్కకు వారం పది రోజుల దాకా నీళ్లు అక్కర్లేదు. రాయగడ కింద ఉంది, ఏప్రిల్, మేలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు నేను చెప్పిన మిశ్రమంలో మూడు రోజులకొకసారి పోయాల్సి రావచ్చు. అందుకే రోజులు లెక్కపెట్టకండి, కుండీని ఎత్తి చూడండి. నిండా తడిపిన రోజు కుండీ బరువు ఎంతో చేతికి తెలుసుకోండి. అందులో దాదాపు సగం తగ్గినట్టు అనిపించినప్పుడు, పై మిశ్రమం వేలి మొదటి కణుపు దాకా పొడిగా తగిలినప్పుడు మళ్లీ పోయండి. పోసేటప్పుడు గ్లాసు లెక్క వద్దు. అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా పోసి, పూర్తిగా కారనిచ్చి, తర్వాతే కొక్కేనికి తగిలించండి. ఎప్పుడైనా ఊరు వెళ్లి వచ్చేసరికి మరీ ఎండిపోయి ఉంటే పైనుంచి పోయడం దండగ. కుండీని బకెట్ నీళ్లలో అరగంట ముంచి తీయండి.

బోరు నీళ్లు పోస్తే కుండీ అంచున తెల్లని పొర కడుతుంది, అది సున్నం. రిప్సాలిస్‌కు కొద్దిగా పులుపు గుణం ఉన్న మిశ్రమం ఇష్టం. ఈ వానల్లో రెండు డ్రమ్ముల నీళ్లు పట్టుకుని, దోమలు చేరకుండా మూత పెట్టి ఉంచుకుంటే కొన్ని నెలల దాకా వాడుకోవచ్చు. ఇంట్లో ఆర్‌వో యంత్రం ఉన్నా అది బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, అందులో ఉప్పులు ఇంకా ఎక్కువ.

వెలుతురు గురించి మా జిల్లా మనిషిగా ఒక కొండగుర్తు చెబుతాను. కోరాపుట్ కాఫీ తోటలోకి ఎప్పుడైనా వెళ్లారా? సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్క మీద పడే వెలుతురు ఎలా ఉంటుందో రిప్సాలిస్‌కు అలాంటిది కావాలి. చీకటిగా ఉండదు, పుస్తకం హాయిగా చదువుకోవచ్చు, కానీ ఎండ నేరుగా పడేది చారలు చారలుగా, కాసేపే. మీ తూర్పు కిటికీ దీనికి సరిగ్గా సరిపోతుంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల దాకా పడే ఎండ మేలే చేస్తుంది. వేసవిలో ఆ తర్వాత పలచని తెర వేయండి. పడమటి కిటికీ అయితే అద్దానికి మూడు నాలుగు అడుగుల లోపల పెట్టాల్సిందే. ఉత్తరపు కిటికీలో బతుకుతుంది గాని, కాడలు సన్నగా, పాలిపోయి, కణుపుకూ కణుపుకూ దూరం పెరిగి సాగుతాయి.

పిట్టగోడ మీద ఎర్రబడింది ఎండ దెబ్బే. ఎరుపు మాత్రమే అయితే నీడలోకి వచ్చాక కొన్ని వారాల్లో పచ్చబడుతుంది, భయం లేదు. తెల్లగా, గోధుమరంగులో ఎండి బొబ్బ తేలినట్టు అయిన చోట్లు మళ్లీ పచ్చబడవు, వాటిని కత్తిరించేయవచ్చు.

ఏసీ గదిలో పెడితే గాలి ఆరబెట్టేస్తుంది. మేలో కూలర్ ఉన్న గది దీనికి బాగా నచ్చుతుంది, కూలర్ గాలి నేరుగా తగలకుండా పక్కగా పెట్టండి. కాడల మీద నీళ్లు చల్లమని చాలామంది చెబుతారు. దానివల్ల తేమ పావుగంట ఉంటుంది, ధూళి కడుక్కుపోతుంది, అంతకుమించి ప్రయోజనం నేను చూడలేదు. చలికాలంలో రాత్రి 10 డిగ్రీలకంటే తగ్గే మా వైపు ఊళ్లలో కిటికీ అద్దానికి ఆనకుండా లోపలికి జరపాలి. మీకు ఆ బెడద అంతగా ఉండదు.

ఇప్పుడు తెల్ల చుక్కలు. భూతద్దం తీసుకుని పగటి వెలుతురులో ఒక్క కాడను శ్రద్ధగా చూడండి. చుక్కలు కాడ పొడవునా దాదాపు సమాన దూరంలో, ఒక్కొక్కటి చిన్న గుంటలో దూదిపింజలా ఉంటే అవి పురుగులు కావు. కాక్టస్ అంతటికీ ఉండే గుర్తులవి. పువ్వులు, కొత్త కాడలు పుట్టేది అక్కడి నుంచే. గీకేయకండి. అలా కాకుండా కణుపు సందుల్లో గుంపుగా, ఒక్కోచోట ఎక్కువగా ఉండి, గుండుసూది మొనతో కదిపితే జారి, నలిపితే జిగురుగా అంటుకుంటే అది పిండినల్లి. కుండీ మీద చీమల బారు తిరుగుతుంటే దాదాపు ఖాయమే, ఆ పురుగు వదిలే తీపి రసం కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి. దూదిని మందుల దుకాణంలో దొరికే స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదాన్ని తుడిచేయండి. తర్వాత లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారానికోసారి మూడు నాలుగు వారాలు. పగలు, ఎండలో వేపనూనె కొడితే కాడలు మాడతాయి. మీరు వేళ్లు విడదీసి చూసినప్పుడు వేళ్ల మీద కూడా తెల్లని పిండి కనిపిస్తే పాత మిశ్రమమంతా దులిపి పారేయండి, ఆ కుండీని వేడినీళ్లతో కడగండి. కాడల పక్కనుంచి వెంట్రుకల్లా దిగే సన్నని పోగులు కనిపిస్తే అది బూజు కాదు, గాలివేళ్లు.

ఊడిపడిన ముక్కలు పారేశారా? లేకపోతే అవే మీ బీమా. తల్లిమొక్క నిలుస్తుందన్న నమ్మకం నాకు సగమే ఉంది. ముక్కల మీద మాత్రం పూర్తి నమ్మకం ఉంది. ముడతలు ఉన్నా పచ్చగా, గట్టిగా ఉన్నవాటిని ఏరండి. మెత్తబడినవి, మొదలు నల్లబడినవి వద్దు. జానెడు కంటే పొట్టివైతే అలాగే, పొడవైతే కణుపు దగ్గర తెంపి, నీడలో నాలుగైదు రోజులు ఆరనివ్వండి. కోసిన చోట పొర కట్టాలి. వానాకాలం కాబట్టి పొర కట్టడానికి ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టినా తొందరపడకండి. తర్వాత అదే మిశ్రమంలో ఒక అంగుళం లోతున, ఒకే కుండీలో ఏడెనిమిది ముక్కలు గుత్తిగా గుచ్చండి. ఒక్కో ముక్కను వేరువేరు కుండీల్లో పెడితే రెండేళ్లయినా చూడటానికి వెలితిగా ఉంటుంది. మొదటి వారం నీళ్లు వద్దు, తర్వాత కొద్దిగా చిలకరిస్తే చాలు. నెలా నెలన్నరకు మెల్లగా లాగి చూస్తే పట్టు తెలుస్తుంది. కొస నుంచి లేతాకుపచ్చ మొటిమ ఒకటి తేలిందంటే వేరు దిగినట్టే.

ఎరువు ఇప్పుడే వద్దు. కొత్త చిగుళ్లు కనిపించాక, మన దుకాణాల్లో దొరికే 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్నది) లీటరుకు అర గ్రాము చొప్పున మూడు వారాలకొకసారి ఇవ్వండి, నవంబరు నుంచి జనవరి దాకా మానేయండి. ఆవు పేడ నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు పోయకండి. ఇలాంటి తెరిపి మిశ్రమంలో అవి పులిసి చిన్న చిన్న ఈగలను పిలుస్తాయి.

పువ్వులు చిన్నవి, తెల్లనివి, కాడ పక్కన అంటుకున్నట్టు పూస్తాయి. డిసెంబరు, జనవరిలో రాత్రి చల్లగా ఉన్న రోజుల్లో నీళ్లు కాస్త తగ్గిస్తే చలి తగ్గేవేళ మొగ్గలు వచ్చే అవకాశం ఎక్కువ. బాక్సిఫెరాకు తోడు మొక్క అక్కర్లేదు, తన పువ్వుకు తానే కాయ కడుతుంది. పూసల్లాంటి తెల్లని, లోపలి గింజ కనిపించే పళ్లు నెలల తరబడి ఉంటాయి. నా దృష్టిలో పువ్వు కంటే పండే అందం.

రాయగడ వేడికి బాక్సిఫెరా తట్టుకుంటుంది. ఎలుకతోక కాక్టస్ కూడా బాగుంటుంది, మెక్సికోది, ఇంతకంటే ఎక్కువ ఎండ కోరుతుంది, కానీ దానికి నిజంగానే ముళ్లు ఉన్నాయి కాబట్టి మీ ఇంటి పరిస్థితుల్లో ఇప్పుడే తేవద్దు. శీతాకాలంలో గులాబీరంగు పువ్వులు పూసే ష్లంబెర్జెరా అనే కాక్టస్ రియో డి జనీరో దగ్గరి కొండల మొక్క. కోరాపుట్, సునాబెడలలో హాయిగా పూస్తుంది, మీ మే నెల దానికి గండం.

పిల్లి సంగతి. రిప్సాలిస్ కొరికినా పిల్లికి, కుక్కకు విషం కాదు. అయితే మీ దగ్గర ఉన్నది రిప్సాలిసేనని ముందు రూఢి చేసుకోండి. కాడజెముడు లేత మొక్కలను కూడా కొందరు రిప్సాలిస్ పేరుతో అమ్ముతున్నారు, చిన్నప్పుడు రెండూ పచ్చని పెన్సిల్ కాడల్లాగే ఉంటాయి. చేతికి తొడుగు వేసుకుని ఒక కొస తుంచండి. నీళ్లలాంటి రసం వస్తే రిప్సాలిస్. తెల్లని పాలు కారితే కాడజెముడు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, చర్మం మీద బొబ్బలు లేస్తాయి. అదే అయితే పిల్లికీ పిల్లలకూ అందని చోటికి మార్చండి, పైన చెప్పిన నీళ్ల లెక్కలేవీ దానికి వర్తించవు.